పన్నెండడుగుల పట్టా

పోడు రైతుల కన్నీళ్లు యుద్ధప్రాతిపదికన తుడుస్తామని 2008 వేసవిలో మంత్రిగారు ప్రకటించారు. ముహూర్తం సోమవారం, స్థలం చండ్రుగొండ. ఆ మాట నిలబెట్టే భారం కొత్తగూడెంలోని మా ఫ్లెక్స్ దుకాణం మీద పడింది. నేనక్కడ మెషిన్ ఆపరేటర్ని. దేశసేవ చేసే అవకాశం నాకు రావడం అదే మొదలు.

ఆలోచన మండల పార్టీ అధ్యక్షుడు హాతీరాం గారిది. మామూలు పట్టా కాగితం ఫొటోలో కనబడదట. అందుకని పన్నెండడుగుల ఎత్తు పట్టా కొట్టించాలని నిర్ణయించారు. పైన తొమ్మిదడుగులు మంత్రిగారి ఫొటో, కింద మూడడుగుల్లో రైతు పేరు, ఎకరాలు. ఆ రైతు జంపక్కను ఆదివారం పొద్దున్నే జీపులో వెంటబెట్టుకొచ్చారు. ఆమెది మూడెకరాల పోడు. మొక్కజొన్న మోకాలెత్తు రాగానే అటవీశాఖ వాళ్లు రెండేళ్లుగా పీకేస్తున్నారు. పట్టా ఉంటే ఈసారైనా కంకి చూడొచ్చని ఆమె ఆశ.

ప్రింటింగ్ మొదలైంది. మంత్రిగారి మొహం ఆకుపచ్చగా వచ్చింది. ఎర్రరంగు ఇంకు చిమ్మే హెడ్‌లో రంధ్రాలు పూడుకుపోయాయి. హాతీరాం గారికి కళ్లనీళ్లొక్కటే తక్కువ. జంపక్క పంట పీకిన రోజు కూడా ఆయన అంత బాధపడి ఉండరు. సొల్యూషన్‌తో హెడ్ కడిగి, టెస్ట్ గీతలు తీసి, మళ్లీ మొదటినుంచి కొట్టాను. ఈసారి మంత్రిగారికి రక్తం పట్టింది.

తొమ్మిదడుగులు పూర్తవగానే, హెడ్లను మోసుకుని అటూ ఇటూ తిరిగే క్యారేజ్ టక్కున ఆగింది. తెరమీద క్యారేజ్ ఎర్రర్. సన్నటి గీతలున్న ఒక పట్టీని చూసుకుంటూ క్యారేజ్ తానెక్కడుందో తెలుసుకుంటుంది. పట్టీకి ఇంకు అంటిందేమోనని మెత్తటి గుడ్డతో తుడిచాను. కదల్లేదు. పట్టీయే గీసుకుపోయింది. కొత్తది హైదరాబాదు నుంచి మంగళవారం గాని రాదు.

హాతీరాం గారు మంత్రిగారి పీఏకు ఫోన్ చేశారు. సార్ ఫొటో వచ్చిందా అని పీఏ అడిగారట. వచ్చిందనగానే, మరి ప్రాబ్లం ఏమిటన్నారట.

కింది మూడడుగులు తెల్లగానే వదిలి ఫ్లెక్స్ కోశాం. పేరు మార్కర్‌తో రాస్తానన్నాను. సర్కారు పత్రం మీద చేత్తో రాస్తే కేసవుతుందని హాతీరాం గారు చట్టం వివరించారు. మార్కర్ జేబులో పెట్టుకున్నాను. కాస్త సిగ్గేసింది.

"నా పేరు లేకుంటే భూమి ఎవరిదైతది సారూ?" అంది జంపక్క.

"ఫికర్ జెయ్యకు అక్కా. అసలు కాగితం ఎనక వస్తది," అన్నారు హాతీరాం గారు.

సోమవారం సభ అద్భుతంగా జరిగింది. మంత్రిగారు పట్టా అందించారు. గాలికి ఊగకుండా జంపక్క దాన్ని వెనకనుంచి పట్టుకుంది. అధికారులు చప్పట్లు కొట్టారు. తర్వాత పట్టాను చుట్టి పెనుబల్లి సభకు పంపారు. పేరు లేకపోవడంలోని దూరదృష్టి నాకప్పుడు అర్థమైంది. ఆ వారంలో ఒక్క పట్టాతో నాలుగు మండలాల కన్నీళ్లు తుడిచారు.

అసలు కాగితం రాలేదు. వానలు పడ్డాయి, మొక్కజొన్న మోకాలెత్తు వచ్చింది, అటవీశాఖ బీట్ ఆఫీసర్ మనుషులతో వచ్చాడు. ఆ సంగతి జంపక్కే దుకాణానికి వచ్చి చెప్పింది. సభ ఫొటో పడిన పేపరు కటింగ్ దాచుకుని, అతనికి చూపించిందట. మంత్రిగారి ఫొటో కనబడగానే ఆఫీసర్ గౌరవంగా టోపీ తీశాడట. తర్వాత ఫ్లెక్స్ కింద కనబడుతున్న రెండు పాదాలను చాలాసేపు పరిశీలించాడట.

"ఈ కాళ్లు నీయేనని తాసిల్దార్‌తోని రాయించుకరా," అన్నాడట.

అప్పటిదాకా పీకడం ఆపమని మాత్రం మనుషులకు చెప్పలేదు.