పన్నెండు కుర్చీలు, ముప్పై ఏడు జతల మోకాళ్లు

మోకాళ్ల నొప్పిని మించిన ధర్మబోధ ఈ లోకంలో లేదు. నవ్వకండి, నేను అనుభవం మీద చెబుతున్నాను!

నాకు డెబ్భై ఒకటో ఏడు. కాళ్లు బాగున్న రోజుల్లో అమితాభ బుద్ధుడి నామం రోజుకు రెండుసార్లు తలచేవాణ్ణి. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఒకసారి, సాయంత్రం గుర్తుంటే ఇంకోసారి. ఇప్పుడో? కూర్చుంటే ‘నమో అమితాభ’. లేస్తే ‘నమో అమితాభ’. చేతిలోని చెంచా కింద పడితే, దాని వైపు చూసి ‘నమో అమితాభ’! మా ఆవిడ సుమియే ఒకరోజు కూర్చుని లెక్కపెట్టింది. మధ్యాహ్నం భోజనానికే నలభై మూడు దాటాయట. ఏ కొండ మీది సన్యాసికి సాధ్యం చెప్పండి!

అది జపమా, మూలుగా అని నాకూ ఒక అనుమానం వచ్చింది. మా గుడి గురువుగారినే అడిగాను. 

“బుద్ధుడు ఆ తేడా పట్టించుకోడులెండి, మిజోబుచి గారూ” అన్నారు. అంటూ తన మోకాలు తడుముకున్నారు.

ఆ తడుముకోవడాన్ని నేనప్పుడు పట్టించుకోలేదు.

నొప్పి వల్ల కలిగే రెండో లాభం విజ్ఞానం. మా తొయామా జిల్లాలో వాతావరణ వార్తలు ఎవరికి కావాలి? పక్కింటి హత్సునో బామ్మకు ఎనభై ఆరేళ్లు. ఆవిడ ఎడమ మోకాలు వాన చెబుతుంది, కుడి మోకాలు మంచు చెబుతుంది. నిరుడు ఒక్కరోజు మాత్రం రెండింటికీ మాట పడలేదు. వీధంతా తడి బట్టలు చేత్తో పట్టుకుని, ఏ మోకాలు నెగ్గుతుందా అని మధ్యాహ్నం దాకా ఎదురుచూశాం.

మూడో లాభం అన్నిటికన్నా గొప్పది. అది ఆప్యాయత. నాకు మోకాలు నొప్పి అన్న మాట బయటికి పొక్కిందో లేదో, ఊరు ఊరంతా నాకు వైద్యులైపోయారు!

“ఏరా, చేమదుంప తురిమి, గోధుమపిండి కలిపి పట్టు వెయ్యి. తెల్లారేసరికి గెంతుతావ్!” అన్నాడు నాతో బడిలో చదివిన తొరజో. వేశాను. నిజంగానే గెంతాను. దురద ముందు నొప్పి ఏపాటిది!

“లొకాట్ పండ్ల చెట్టు ఆకు పొయ్యి మీద వెచ్చజేసి కట్టు నాయనా. నేను చేసేది అదే” అంది హత్సునో బామ్మ. కట్టాను. కాలింది.

టీవీలో సొరచేప మెత్తని ఎముకతో చేసిన మాత్రల గురించి చెప్పారు. ముప్పై నిమిషాల్లో ఫోన్ చేసినవాళ్లకే ఇస్తారట. ఫోన్ దాకా లేచి వెళ్లేసరికే నాకు ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది.

“సొరచేపకు మోకాళ్లే లేవు కదండీ?” అంది సుమియే.

“అందుకే దానికి నొప్పి లేదు” అన్నాను. వాదనలో నెగ్గాను గానీ నొప్పి తగ్గలేదు.

ఇక మందు పట్టీలు! మోకాలికి రెండు, నడుముకు రెండు, భుజానికి ఒకటి. ఆదివారం గుడిలో ముప్పై ఏడు మందిమి చేరితే, ఆ పిప్పరమెంటు ఘాటుకు అగరుధూపం వాసన బయటికి పారిపోయేది. మా భక్తి ఎంత గాఢమైనదో పక్క వీధివాళ్లు ముక్కుతోనే తెలుసుకునేవారు.

ఇంత సుఖంగా ఉన్నవాణ్ణి మందు కోసం ఎందుకు తిరిగానంటారా? మా అమ్మ కోసం.

నవంబరులో మా అమ్మ ఇసోకు ముప్పై మూడో ఏటి స్మరణ పూజ. బౌద్ధ సూత్రపఠనం జరిగినంతసేపూ నేను ముందు వరుసలో మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆ తర్వాత గురువుగారు లేవగానే, అందరికంటే ముందు లేచి, నాలుగడుగులు వేసి, ధూపం సమర్పించాలి. ఆ నాలుగడుగులే నా భయం. నిరుడు మా బాబాయి పూజలో ఇలాగే లేచాను. కాళ్లు మొద్దుబారి, చామంతిపూలున్న ఇత్తడి కూజాను కౌగిలించుకుని పడ్డాను. ఇప్పటికీ మా బంధువులు చామంతిపువ్వు కనబడితే చాలు, నా ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు. అమ్మ పూజలో కూడా అలా పడితే ఏ మొహం పెట్టుకుని ఆవిడ ఫోటో చూడను?

గుడిలో కుర్చీలు లేవా అని మీరు అడగవచ్చు. ఎందుకు లేవు! మూడేళ్ల క్రితం తొరజోనే పన్నెండు కుర్చీలు విరాళమిచ్చాడు. మెత్తనివి, పొట్టివి, చూస్తేనే మోకాళ్లకు కన్నీళ్లొచ్చేటంత మంచివి. వెనక గోడ వారగా వరుసలో ఉంటాయి. ప్రతి శనివారం ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని వాటి కాళ్లు తుడుస్తారు.

కానీ కూర్చునేది ఎవరు? గురువుగారు నేల మీద ఉంటే మనం కుర్చీ ఎక్కుతామా? “మీరు కూర్చోండి”, “అబ్బే, నాకేం, ఇంకా గట్టిగానే ఉన్నాను, మీరే కూర్చోండి”. ఇలా మూడేళ్లు గడిచాయి. ఆ కుర్చీల్లో మా కోట్లు కూర్చుంటాయి. మా ఊళ్లో కోట్లకు కీళ్ల నొప్పులు లేవు!

నాకైతే ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మ డెబ్భై దాటాక కూడా రెండు గంటలు వెదురు బొంగులా నిటారుగా కూర్చునేది. గుడి ఆడవాళ్లందరితో కలిసి తీసిన ఫోటో మా ఇంట్లో ఉంది. అందులో ఆవిడ పక్కవాళ్లకన్నా రెండు వేళ్లు ఎత్తుగా కనబడుతుంది. భక్తి మనిషిని అలా నిలబెడుతుందని పిల్లలకు చూపించి చెప్పేవాణ్ణి. ఆవిడ కొడుకునై ఉండి నేను కుర్చీలో కూర్చోవడమా?

పూజ రోజు రానే వచ్చింది. గురువుగారు సూత్రం మొదలుపెట్టారు. మూడేళ్లుగా ఆయన పఠనం పెరుగుతూ వస్తోంది. నలభై నిమిషాలది గంటన్నర అయింది. పక్క ఊరి గురువు హడావిడిగా ముగించేస్తాడని, మా గురువుగారి నిష్ఠే వేరని మేం గర్వంగా చెప్పుకునేవాళ్లం.

సూత్రం ముగిసింది. నేను మనసులో కాళ్లు కూడదీసుకుంటున్నాను. గురువుగారు మళ్లీ మొదటినుంచి అందుకున్నారు.

“ఏవండీ, ఇది ఇందాక అయిపోయింది కదా?” అని సుమియే గుసగుసలాడింది.

“నిష్ఠ. మాట్లాడకు.”

రెండోసారీ అయిపోయింది. మూడోసారి మొదలైంది! నడుము కింద నాకు కాళ్లున్నాయన్నది కేవలం నమ్మకంగా మిగిలింది. అప్పుడు గురువుగారు తల కొంచెం నావైపు తిప్పి, అదే రాగంలో, అదే గంభీరస్వరంతో ఇలా పఠించారు:

“మిజోబుచి గారూ... నా కాళ్లు... లేవడం లేదు... ఆ కుర్చీ ఒకటి... ఇటు తెప్పించగలరా...”

వెనక ముప్పై ఐదు మందీ చేతులు జోడించి భక్తితో, “నమో అమితాభ!” అన్నారు.

నాకు విషయం అర్థమైంది. మూడేళ్లుగా ఆయన చేస్తున్నది నిష్ఠ కాదు. మొద్దుబారిన కాళ్లు మాట వినేదాకా సూత్రాన్ని సాగదీస్తున్నారు! ఆయన లేస్తేగానీ మేం లేవకూడదు. మేమింత గట్టిగా కూర్చుంటే ఆయన కుర్చీ అడగకూడదు.

నేనూ లేవలేను కదా. అందుకే నేనూ రాగం అందుకున్నాను: “ఎవరైనా... కాస్త లేచి... ఒక కుర్చీ... తీసుకురండి...”

“నమో అమితాభ” అన్నారు కొందరు. మిగతావాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక్కరూ కదల్లేదు. పాపం, అందరివీ నాలాంటి మోకాళ్లే అనుకున్నాను.

చివరికి హత్సునో బామ్మ లేచింది. ఎనభై ఆరేళ్ల మనిషి, చెట్టు మీంచి పిట్ట లేచినంత తేలిగ్గా లేచింది! ఆవిడ కిమోనో కిందనుంచి ఏదో టక్కుమని నేల మీద పడింది.

అదొక బుల్లి చెక్కపీట. రెండు పాదాల మధ్య ఇరికించి దాని మీద కూర్చుని, పైన బట్ట కప్పేస్తే చాలు. మోకాళ్ల మీద కూర్చున్నట్టే ఉంటుంది, బరువంతా పీట మోస్తుంది.

“ఏం చూస్తారర్రా?” అంది బామ్మ, కుర్చీ ఈడ్చుకొస్తూ. “గురువుగారి ప్రాణం పోతుంటే నా పీట గొడవేంటి? మీవీ తియ్యండి బయటికి!”

టక్. టక్. టక్. వరుసలో పీటలు బయటపడ్డాయి. తొరజో కోటు కింద గాలి దిండు తుస్సుమంది.

“నువ్వు కూడానా! మరి నాకు చేమదుంప చెప్పావేంట్రా?” అన్నాను.

“నిన్ను లోకువ చెయ్యడం ఇష్టంలేక రా. పీట చెబితే నీకు వయసైపోయిందన్నట్టుంటుంది కదా” అన్నాడు తొరజో.

ఆ గదిలో నిజంగా మోకాళ్ల మీద కూర్చున్నది ఇద్దరమే అని తేలింది. గురువుగారూ, నేనూ. సుమియే దగ్గర పీట ఉంటుందని నేననుకోలేదు. తను మాత్రం కదలకుండా కూర్చుని ఉంది. కదలకపోవడమే నాకు అనుమానం కలిగించింది.

“నీక్కూడానా?”

“నలభై ఆరేళ్లుగా” అంది, పీట నా చేతిలో పెడుతూ.

“మరి చేమదుంప తురిమి పెట్టావే! ఒక్క మాట చెప్పకూడదా?”

“మగవాళ్లకు చెప్పొద్దన్నారు అత్తయ్యగారు. నేను కాపురానికొచ్చిన వారానికే ఈ పీట ఇచ్చారు.”

పీట తిరగేశాను. అడుగున వెలిసిపోయిన సిరాతో ‘ఇసో’ అని రాసి ఉంది. మా అమ్మ పేరు. చేతిరాత మా నాన్నది! ఇంట్లో తెలియంది నాకొక్కడికేనన్నమాట.

ఆ పీట మీదే కాసేపు కూర్చున్నాను. కాళ్లలోకి మెల్లగా రక్తం వచ్చింది. లేచాను, నాలుగడుగులు వేశాను, పడలేదు. ధూపం సమర్పించి, అమ్మ ఫోటో ముందు చేతులు జోడించాను. నామం రావాల్సిన చోట, “ఎందుకు చెప్పలేదమ్మా?” అన్న మాట వచ్చింది.

ఆ మర్నాటి నుంచి హాయిగా లేస్తున్నాను. జపం రోజుకు రెండుసార్లకు పడిపోయింది. మరుసటి నెల గురువుగారు తానే ముందు కుర్చీలో కూర్చుని, అందరినీ కూర్చోమన్నారు. మిగిలినవి పదకొండు కుర్చీలు. “మీరు కూర్చోండి”, “అబ్బే, మీరే” అనుకుంటూ సూత్రం అయ్యేదాకా అందరం నిలబడే ఉన్నాం. ఇప్పుడు చీలమండలు నొప్పి. తొరజో అప్పుడే ఒక మంచి మందు చెప్పాడు.

కనుక పాఠకులారా, కీళ్ల నొప్పికి ఎవరైనా మందు చెబితే వినండి, వద్దనను. కానీ గుడిలో మీ పక్కవాళ్లు మీకంటే రెండు వేళ్లు ఎత్తుగా కనబడితే, వాళ్ల భక్తికి దండం పెట్టే ముందు ఒక్కసారి వంగి, కింద చూడండి.