కృపానందం మాస్టారిలో దూరిన పైలోకం వాడు

"బందరులో ఇన్నేళ్ళుగా ఒక్క ఘోరమైన నేరం కూడా జరగలేదంటే దానికి కారణం ఎవరనుకున్నావురా ప్రకాశం? పోలీసులా? కాదు. నేను! నేనిక్కడ ఉన్నానని తెలిసి నేరస్థులంతా గుడివాడలోనే రైలు దిగిపోతున్నారు."

ఈ మాటలన్నది దైవాధీనం. అంటున్నప్పుడు అతని చేతిలో సైకిలు ట్యూబు, ఎదురుగా నీళ్ళ బేసిను, ఆ నీళ్ళలో బుడగలు ఉన్నాయి. అతని షాపు బోర్డు ఊరందరికీ కంఠతా వచ్చు: "దైవాధీనం సైకిల్ మార్టు. సైకిళ్ళు అద్దెకివ్వబడును. రహస్య పరిశోధనలు చేయబడును. గాలి ఉచితం." ఆ గాలి సైకిళ్ళకా, పరిశోధనలకా అని అడిగినవాళ్ళకు అతను సైకిలిచ్చేవాడు కాదు.

అద్దె లైబ్రరీలో ఉన్న డిటెక్టివు నవలలన్నీ అతను రెండేసిసార్లు చదివేశాడు. ఏ దొరో వదిలేసిపోయిన టోపీ ఒకటి సంపాదించాడు. నవలల్లోలాగా పైపు కాల్చాలని ఉండేది గాని, చర్చి సంఘంలో పొగతాగడం పాపం కాబట్టి దీర్ఘాలోచనలకు ముక్కుపొడుం పట్టాడు. ఆ పొడుం జేబురుమాల్లో మూటగట్టి పెట్టుకునేవాడు. అతను పరిష్కరించిన పెద్ద కేసు తాతమ్మగారి కోడిపెట్టది. దానికోసం అతను పెడన దాకా గాలించి వచ్చేసరికి అది అతని షాపులోనే పాత టైర్ల మధ్య పొదిగి కూర్చుంది.

ఈ మహామేధావి మాటలు వినే భాగ్యం కలిగినవాడు ప్రకాశరావు. రేవు ఆఫీసులో గుమస్తా. ఓడలు మొహమాటానికి వచ్చిపోయే రేవది. మనిషి నెమ్మదస్తుడు, ఉద్యోగం పర్మనెంటు, ధైర్యం మాత్రం టెంపరరీ. దైవాధీనం అతనికి చిన్ననాటి స్నేహితుడు. చిన్ననాడే వదిలించుకోవలసింది, కుదరలేదు.

ఆ రోజుల్లో ప్రకాశరావుకు నేలమీద కాలు నిలవడం లేదు. చర్చిలో పాటల బృందంతో పాడే సువర్ణతో అతనికి పెళ్ళి కుదిరింది. కుదిరిందని ఊరంతా నమ్మినా అతనికి మాత్రం నమ్మకం కుదరడం లేదు. ఎందుకంటే సువర్ణ తండ్రి కృపానందం మాస్టారు.

మాస్టారిది నాగాయలంక వైపు. బందరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన మైదానంలో "అటెన్షన్" అంటే రోడ్డు మీద రిక్షావాళ్ళు కూడా ఆగిపోయేవారు. ఆదివారం మొదటి బెంచీలోంచి ఆయన కీర్తన ఎత్తుకుంటే, హార్మోనియం వాయించే జ్ఞానమ్మగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎలాగూ వినపడదు కదా. ఇక పళ్ళంటే ఆయనకు చెప్పలేనంత గర్వం. "పళ్ళూడాయంటే క్రమశిక్షణ ఊడిందన్నమాటేరా" అని తరాల తరబడి పిల్లలకు వేపపుల్లలు పంచిన మనిషి. అరవై దాటాక కూడా చెరుకుగడని పళ్ళతోనే చీల్చి చూపించేవారు.

అలాంటి సింహం బోనులోకి ప్రకాశరావు తనంతట తాను వెళ్ళేవాడు కాదు. "ఈ నెల్లోనే అడిగించండి, ఆ తర్వాత మీ అదృష్టం" అని సువర్ణే కబురు పెట్టింది. అతని పెద్దమ్మ అన్నమ్మగారు లోపలికి వెళ్ళి పిల్లనడుగుతుంటే, ప్రకాశరావు గేటు బయట ఒక కాలు సైకిలు పెడలు మీద వేసుకుని, పారిపోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. మాస్టారు అరవలేదు. బెత్తం కోసం వెతకలేదు. కండువా చెంగు మూతికి అడ్డం పెట్టుకుని తల ఊపారు. అంతే!

ఆ సంతోషంలో ఉండగా దైవాధీనం అతన్ని శనివారం మ్యాట్నీకి లాక్కుపోయాడు. ఇంగ్లీషు సినిమా. పైలోకం వాళ్ళు రహస్యంగా దిగివచ్చి ఒక చిన్న ఊరిని ఆక్రమించే కథ. తీసినవాళ్ళకు డబ్బు చాలలేదని మొదటి రీల్లోనే తెలిసిపోయింది. ఎగిరే పళ్ళెం అంటే రెండు పళ్ళాలు మూతికి మూతి అతికించిందే. అది వంపు తిరిగినప్పుడల్లా బెంచీవాళ్ళు "అదుగో తాడు! తాడు!" అని కేకలేశారు. రాక్షసులకు వేషాలు కుట్టించే స్తోమత కూడా లేదు కాబట్టి, వాళ్ళు మనుషుల్లో దూరిపోయారని చెప్పి సరిపెట్టారు. మంగలి ఆ మంగలే, పోస్టుమాను ఆ పోస్టుమానే, లోపల ఉన్నవాడు మాత్రం వేరు.

సగం దాకా హాలంతా విరగబడి నవ్వింది. తర్వాత ఎందుకో నవ్వు తగ్గింది. పళ్ళేనికి తాడు కనిపించింది గాని, మంగలి చిరునవ్వుకు ఏ తాడూ కనిపించలేదు. సినిమా వదిలాక జనం ఒకరి మొహం ఒకరు ఓరగా చూసుకుంటూ ఇళ్ళకు నడిచారు.

ప్రకాశరావుకు సినిమా తెగ నచ్చింది. భయమేసినందుక్కాదు. ఆ ఊళ్ళో ఒక చర్చి, ఒక పోస్టాఫీసు, నాలుగు వీధులు, అంతే. లండనునూ ఢిల్లీనీ కాదని, కోట్ల మైళ్ళు ఎగిరొచ్చి మరీ వాళ్ళు ఆ నాలుగు వీధుల ఊరిని కోరుకున్నారు. ఓడలే తప్పుకుపోతున్న రేవులో కూర్చుని కాగితాల మీద ముద్రలు గుద్దుకునేవాడికి ఆ మాట ఎంత బావుంటుందో ఊహించండి. తక్కువ డబ్బుతో తీసిన సినిమాలోనే ఇలాంటి మర్యాద దొరుకుతుందనుకున్నాడు.

దైవాధీనం మాత్రం నడిరోడ్డు మీద ఆగి, రుమాలు విప్పి, పొడుం ఎగబీల్చాడు.

"గుండె దిటవు చేసుకోరా ప్రకాశం. పైలోకం వాళ్ళ లక్షణాలు గమనించావా? ఒకటి, కోపం రాదు. రెండు, నలుగురిలో తినరు. మూడు, పాట పాడలేరు."

"సినిమాలో అసలు పాటలే లేవు కదరా!"

"మరి అందుకే! ఊరంతా పైలోకం వాళ్ళైపోతే పాటలెక్కణ్ణుంచి వస్తాయి? సరే, ఇప్పుడు చెప్పు. కోపం రానివాడు, తిననివాడు, పాడనివాడు మన సంఘంలో ఎవరు?"

ప్రకాశరావు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మూణ్ణెల్లుగా కృపానందం మాస్టారు కీర్తన ఎత్తుకోలేదు. చర్చి ప్రేమవిందులో విస్తరి ముందు కూర్చుని, ఏదీ ముట్టుకోకుండా లేచారు. మొన్న ఎవరిదో గేదె మల్లెపొద మేసేస్తుంటే, కేకెయ్యకుండా దాని వీపు నిమిరి సాగనంపారు.

"అంటే తలూపింది మాస్టారు కాదంటావా?" అన్నాడు నీరసంగా.

"ముమ్మాటికీ కాదు. మాస్టారి చొక్కాలో ఉన్న కుజగ్రహం వాడు."

"పోనీలేరా. ఎవరైతేనేం, పెద్దమనిషి పిల్లనిస్తానన్నాడు. ఆయన్నే ఉండనిద్దాం."

"పెళ్ళయ్యేలోపు అసలు మాస్టారు తిరిగొస్తే?"

ఆ ప్రశ్న అతనికి తట్టలేదు. తట్టాక మాత్రం అన్నం సయించలేదు. ఇచ్చిన మాట ఎవరిదో తెలియనప్పుడు, ఆ మాట ఎవరు నిలబెట్టుకుంటారు? సువర్ణ తన చేతికందినట్టే అంది, వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నట్టనిపించింది.

తర్వాతి వారం దైవాధీనం షాపు మూసి, టోపీ కళ్ళమీదికి లాక్కుని, గుడివాడ రైల్లో మాస్టారి వెంటపడ్డాడు. సాయంత్రం ఒళ్ళంతా గీరుకుపోయి తిరిగొచ్చాడు.

"మృత్యువు కోరల్లోంచి వచ్చానురా! బజారులో ఒక మేడలోకి వెళ్ళాడు. నేను వెనక దొడ్డిగోడెక్కి కిటికీలోంచి చూశాను."

"ముందు గుమ్మంలోంచి చూడకపోయావా?"

"ఏ డిటెక్టివైనా ముందు గుమ్మంలోంచి చూస్తాడట్రా? విను. మాస్టారిని వెనక్కి వాలే కుర్చీలో పడుకోబెట్టారు. మొహం మీద దీపం. తెల్లకోటు తొడుక్కున్నవాడొకడు ఆయన నోట్లోంచి గులాబీరంగు ముద్దేదో బయటికి లాగాడు! అదేరా, మనిషి ఆకారానికి అచ్చు తీయడమంటే. గుడివాడే వాళ్ళ స్థావరం! అంతలో గోడమీది గాజుపెంకులు... ఆ సంగతి వదిలెయ్యి."

ఈలోగా చర్చిలో పెళ్ళి ప్రకటనలు మొదలయ్యాయి. వరసగా మూడు ఆదివారాలు పాస్టరుగారు పెళ్ళివారి పేర్లు చదివి, "ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పవలెను" అంటారు. మూడోసారి కూడా ఎవరూ నోరెత్తకపోతే ఇక ఆ పెళ్ళికి అడ్డు లేదు. రెండు ఆదివారాలు ప్రకాశరావు ఊపిరి బిగబట్టి గట్టెక్కాడు.

మూడో ఆదివారం మాస్టారు చర్చిలోకి వచ్చారు. ఇన్నాళ్ళూ మూతి బిగించుకున్న మనిషి ఇవాళ నవ్వుతున్నారు. నవ్వడమంటే అలా ఇలా కాదు. ఎదురుపడ్డ మనుషులనూ, బెంచీలనూ, గోడ గడియారాన్నీ చూసి కూడా ఒకే నవ్వు.

"చూశావా? పరికరం బిగించేశారు," అని గొణిగాడు దైవాధీనం.

"నీకు దణ్ణం పెడతానురా. ఈ ఒక్క పూట నోరు మూసుకో."

పాస్టరుగారు పేర్లు చదివారు. "ఎవరికైనా అభ్యంతరముంటే..."

దైవాధీనం లేచాడు. చొక్కా పట్టుకుని లాగిన ప్రకాశరావు చేతిలోకి ఒక గుండీ మాత్రం వచ్చింది.

"నాకుందండీ!"

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. ఆడవాళ్ళ వైపు సువర్ణ మొహం పాలిపోయింది.

"పెళ్ళికొడుకు మీదనా బాబూ?" అన్నారు పాస్టరుగారు.

"కాదండీ. పెళ్ళికూతురి తండ్రి మీద. ఆ బెంచీలో కూర్చున్నది కృపానందం మాస్టారు కాదు. ఆయనలో బయటివాడు దూరాడు!" అంటూ దైవాధీనం నడవలో మొదటి బెంచీ దాకా నడిచి, ఎడమచేత్తో టోపీ వెల్లకిలా పట్టుకుని, నుదుటి చెమట తుడుచుకోవడానికి కుడిచేత్తో జేబురుమాలు బలంగా విదిలించాడు.

పొడుం మూట విచ్చిపోయింది.

ముందు పాస్టరుగారు తుమ్మారు. తర్వాత మాస్టారి భార్య సంతోషమ్మగారు. మాస్టారు కండువా కోసం తడుముకుంటూ, కళ్ళు మూసుకుని, డ్రిల్లు మైదానంలోలాగా ఛాతీ విరిచి ఒక్క తుమ్ము తుమ్మారు. ఆ నవ్వు ఆయన మొహాన్ని వదిలేసి, గాల్లో ఒక్క గెంతు వేసి, దైవాధీనం టోపీలో పడింది.

కట్టుడు పళ్ళు. పైసెట్టు, కిందిసెట్టు.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకున్నారు. ఊరంతటికీ వేపపుల్లలు పంచిన మనిషి, బెంచీ మూలకు చిన్నపిల్లాడిలా ఒదిగిపోయారు. అది చూసి ప్రకాశరావు భయం సంగతి మరిచిపోయాడు. లేచి వెళ్ళి, దైవాధీనం చేతిలోంచి టోపీ లాక్కుని, పైన తన రుమాలు కప్పి, చర్చి వెనక నూతి దగ్గరికి పరుగెత్తాడు. నీళ్ళు తోడి పొడుమంతా పోయేదాకా కడిగాడు. తిరిగొచ్చి, పక్కవాళ్ళకు కనిపించకుండా నిలబడి, రెండు చేతులతో అందించాడు.

"ఇదుగోండి మాస్టారూ," అన్నాడు మెల్లగా.

మాస్టారు గోడవైపు తిరిగారు. కాసేపటికి ఇటు తిరిగారు.

"ఒరే దైవాధీనం!!"

గంట గోపురం మీది పావురాలన్నీ లేచిపోయాయి. దైవాధీనం బెంచీ కిందికి దూరాడు. అసలు మాస్టారు తిరిగొచ్చేశారు. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు ప్రకాశరావు.

పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని, "ఇంకెవరికైనా అభ్యంతరముందా?" అన్నారు.

"నాకుంది," అన్నారు మాస్టారు లేచి. "అంటే, ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఉంది. అన్నమ్మగారు పిల్లనడగడానికొచ్చిన రోజునే కుదరదందామనుకున్నానండీ. ఓడలు రాని రేవులో గుమస్తాకి నా పిల్లనిస్తానా? కానీ నోట్లో పన్ను లేదు. నోరు తెరిస్తే ఊరంతా తెలిసిపోతుంది. పళ్ళొచ్చాక చెబుదాంలే అని అప్పటికి తలూపేశాను. నిన్ననే పళ్ళొచ్చాయి. ఇవాళ చెబుదామనే వచ్చాను."

సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రకాశరావు చొక్కా నూతి నీళ్ళతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. మాస్టారు అతన్ని కిందినుంచి పైదాకా, డ్రిల్లు వరసలో పిల్లాణ్ణి చూసినట్టు చూశారు.

"నా పరువు నలుగురిలో నేలరాలితే, దోసిట్లో పట్టి కడిగి తెచ్చిచ్చాడు వీడు. వీడికివ్వకపోతే నా పిల్లని ఇంకెవరికిస్తానండీ? అభ్యంతరం లేదు! పాట!"

అని కీర్తన ఎత్తుకున్నారు. కొత్త పళ్ళ మీద అక్షరాలు కాస్త జారాయి గాని గొంతు మాత్రం పాతదే. జ్ఞానమ్మగారు హాయిగా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ప్రకాశరావు సువర్ణను అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

"ఇంట్లో మనిషికి పళ్ళూడితే తెలీదటండీ? అందుకే ఆ నెల్లోనే అడిగించమన్నాను."

బయట దైవాధీనం టోపీ ఎండబెట్టుకుంటున్నాడు. "బయటిదేదో ఆయనలో దూరిందన్నానా, లేదా? గుడివాడలోనే దూర్చారన్నానా, లేదా? కేసు ముగిసింది!"

ప్రకాశరావు తర్వాత ఎప్పుడో పనిమీద గుడివాడ వెళ్ళినప్పుడు ఆ మేడ చూశాడు. ముందు గుమ్మం మీద నిలువెత్తు పలువరస బొమ్మతో పళ్ళ డాక్టరుగారి బోర్డుంది. రైల్వే స్టేషన్లోంచే కనిపిస్తుంది.

ఆ ఆదివారం వాళ్ళింకా అక్కడ నిలబడి ఉండగానే, "ఒరే అల్లుడూ!" అన్న కేక చర్చి మెట్ల మీంచి వినపడింది. రోడ్డు మీద రెండు రిక్షాలు ఆగాయి. ప్రకాశరావు తనకు తెలియకుండానే అటెన్షన్లో నిలబడ్డాడు. నిలబడి, ఒక్కసారి ఆకాశంవైపు చూశాడు. కండువా చాటున తలూపిన ఆ మెత్తని పెద్దమనిషి ఏ లోకానికి తిరిగి వెళ్ళిపోయాడో గాని, అతని మీద ప్రకాశరావుకు చచ్చేంత ప్రేమ పుట్టింది. ఉన్న మూణ్ణెల్లలో తనకు పిల్లనిచ్చి మరీ వెళ్ళాడు.