మొదటి అక్షరం కోసం

"ఇది నొక్కితే కొట్టు అంటుకోదు కదండీ?" అంది లాండ్రీ అమ్మ, ఇంకా కంప్యూటరు ఆన్ చేయకముందే.

"ఇన్నేళ్ళు నీ చేతిలో ఇస్త్రీపెట్టె ఉంటేనే అంటుకోలేదు. నొక్కు," అన్నాడు భర్త.

ఆమెకు కావలసింది కొట్టు బాగుపడటం కాదు, కూతురు మాట్లాడటం. పిల్ల ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తుంది. పందొమ్మిది రోజుల కిందట ఇంటికి రావడం గంట ఆలస్యమైందని, ఈమె ఆఫీసుకు ఫోను చేసి ఆస్పత్రులన్నీ వెతికించమని మేనేజరు ప్రాణం తోడేసింది. పిల్ల ఆ మేనేజరు పక్కగదిలోనే మీటింగులో ఉంది. ఆనాటి నుంచి ఒకే టేబులు దగ్గర అన్నం తింటున్నా పిల్ల నోట మాట లేదు. గోడైనా నయం, ప్రతిధ్వని ఇస్తుంది.

కూతురి పని కాస్త తెలిస్తే మాట కలపడానికి ఒక కొసైనా దొరక్కపోతుందా అని, పిల్ల పాత పుస్తకం దొంగచాటుగా చదివింది. పదమంటే అక్షరాల దండ. ఎన్నో అక్షరం కావాలో అంకె చెబితే కంప్యూటరు తీసిస్తుంది. వాడుకగా బట్టలిచ్చే పన్నెండు మందికి కొట్లో తలా ఒక అర, దాని మీద వాళ్ళ పేరులో మొదటి అక్షరం. మూటలకూ అదే అక్షరం చీటీగా వచ్చేలా నాలుగు వరుసలు రాసింది. మొదటిది కనుక ఒకటి వేసింది. చీటీ చూసి ఆ అక్షరమున్న అరలో పెట్టడమే తప్ప మూట విప్పే అలవాటు భర్తకు లేదు.

మర్నాడు ఆ పన్నెండు మందిలో ఒకడైన వకీలు కోర్టు మెట్ల మీద మూట విప్పాడు. అప్పటికే కేసు పిలిచారు. దొరికిన కోటే తొడుక్కుని వెళ్ళాడు. ఇత్తడి గుండీలు చూసి జడ్జి, "వాయిద్యాలెక్కడ వకీలు గారూ?" అన్నాడు. అటు బ్యాండు మాస్టరు నల్లకోటుతో పెళ్ళింట్లో అడుగుపెట్టేసరికి, ఎవరో కేసు వేశారనుకుని పెళ్ళికొడుకు వెనక గుమ్మం గుండా ఉడాయించాడు.

సాయంత్రానికి అందరూ కొట్టు ముందే ఉన్నారు.

"చూశారా, నేను ముందే అన్నాను," అంది ఆమె.

"కొట్టు అంటుకుంటుందన్నావు. పెళ్ళి ఆగుతుందనలేదు."

జనాన్ని తోసుకుంటూ కూతురు వచ్చింది. తెర మీది నాలుగు వరుసలూ చదివింది. మళ్ళీ చదివింది.

"నీ పనేంటో తెలుసుకుందామనే తల్లీ. తిట్టు పోనీ. తిట్టైనా తిట్టవే."

కూతురు స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. బయట పెళ్ళికొడుకు తండ్రి గొంతు చించుకుని అలిసిపోయాడు.

"ఇక్కడ లెక్క సున్నా నుంచి మొదలమ్మా," అంది చివరికి. "మొదటిది సున్నా. నువ్వు రెండోది అడిగావు."

తల్లికి ఆ ఒక్క మాటతోనే అంతా అర్థమైపోయింది.

అయినా, "మరి మూడోదో?" అంది.