మూతకున్న చిల్లు

గురువారం పొద్దున కాటాగారి పథకం చాలా సాదాసీదాగా ఉంది. ఏడింటికి లారీ కడిగించాలి, ఎనిమిదింటికి ఇటుకల లోడుకు పంపాలి, ఆ తర్వాత వరండాలో కుర్చీ వేసుకుని సోమవారం గురించి కలలు కనాలి. సోమవారం బిస్కెట్ ఫ్యాక్టరీలో బండికి పరీక్ష. నెగ్గితే ఏడాది పొడుగునా పని. నెగ్గకపోతే, రిటైరయ్యాక ఉన్నదంతా ఊడ్చి కొన్న ఆ ఒక్కగానొక్క లారీ ఇంటిముందు తుప్పు పట్టాల్సిందే. ఈ రెండో ముక్క ఆయన మరిచిపోయినా వాళ్లావిడ మరిచిపోనివ్వడం లేదు.

కాటాగారన్నది ఆయన పేరు కాదు. లారీలను తూచే కాటా దగ్గర ఇరవయ్యారేళ్లు గుమస్తాగా చేశారు, అందుకని అందరికీ అలా అలవాటైపోయింది. కిటికీలోంచి వేలాది లారీలను చూశారు కనుక లారీ గురించి తనకు తెలియనిదంటూ లేదని ఆయన నమ్మకం. ఒక్కదాన్నీ నడిపింది లేదు, ఒక్కదాని ఇంజను వంకా తొంగిచూసింది లేదు. తూకాల్లో మోసాలు పట్టుకోవడమే పనిగా బతికారేమో, ఏ మనిషిని చూసినా వీడేం కొట్టేశాడా అని ముందు ఆయన కళ్లు జేబుల మీదికే పోతాయి.

అసలు కథ అంతకు పది రోజుల ముందే మొదలైంది. డీజిల్ ట్యాంకు మూతను ఆయన తిరగేసి చూస్తే మధ్యలో సూది దూరేంత చిల్లు కనబడింది. లారీ తయారుచేసినవాళ్లు పనిగట్టుకుని పెట్టిన చిల్లది. కాటాగారికి మాత్రం అందులో డ్రైవరు కనిపించాడు. ఈ చిల్లులో సన్నటి గొట్టం దూర్చి డీజిల్ లాగేసుకుంటున్నాడని క్షణంలో తేల్చేశారు. వాళ్లావిడ మోకాళ్ల నొప్పికి వాడే వేడినీళ్ల రబ్బరు సంచీని గుట్టుగా తెచ్చి, గుండ్రంగా ఓ ముక్క కత్తిరించి, మూత లోపల జిగురుతో బిగించేశారు. పైన తాళం వేసి, తాళంచెవిని దారంతో మెడలో కట్టుకున్నారు. ఆవిడ మోకాళ్లు పట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటుంటే, ఈయన కూడా మంచాల కింద వంగి వెతికిపెట్టారు.

గురువారం డ్రైవరు సెల్ఫు కొట్టాడు. ఇంజను తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ కొట్టాడు. ఏడోసారికి నల్లటి పొగ కక్కి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

డ్రైవరు నలభై ఏళ్ల నెమ్మదైన మనిషి. పద్దెనిమిదేళ్లుగా స్టీరింగు పట్టినవాడు. దిగి వచ్చి, డీజిల్ నింపిన రోజు బండి బాగానే ఉంటోందని, రెండు రోజులు తిరిగాక మూడో రోజు పొద్దునే ఇలా మొరాయిస్తోందని చెప్పాడు.

"తాళంచెవి ఇవ్వండి సార్. ఓసారి మూత తీసి చూస్తాను."

ఇంతకంటే నిజాయితీగా చెప్పగలిగింది ఏమీ లేదు. కాటాగారి చెవికి మాత్రం అది దొంగ ఒప్పుకోలులా వినబడింది. మూడో రోజుకి ట్యాంకులో ఏమీ మిగలదని వీడికెలా తెలుసు? పైగా తాళంచెవి కూడా కావాలట. మూత సంగతి నీకు అనవసరమని కసిరి, బావమరిదికి కబురంపారు.

బావమరిదికి లారీ నడిపే లైసెన్సు ఉంది, లారీ లేదు. ఆ లోటును ఫోనులో వీడియోలు చూసి పూడ్చుకుంటుంటాడు. వస్తూనే బానెట్ మీద చెవి ఆనించి, ఆగి ఉన్న ఇంజన్ని కాసేపు శ్రద్ధగా విన్నాడు. బ్యాటరీ చచ్చిపోయిందన్నాడు. సెల్ఫు గిర్రున తిరుగుతున్నప్పుడు బ్యాటరీ తప్పెలా అవుతుందని డ్రైవరు అడిగితే, బావాబావమరుదులిద్దరూ అతని వంక జాలిగా చూశారు.

బావమరిది బ్యాటరీ మారుస్తున్నంతసేపట్లో, డీజిల్ ఎంత దొంగతనమైందో చూద్దామని కాటాగారు అందర్నీ అవతలికి పొమ్మని చాటుగా మూత తీశారు. తుస్సుమంటూ గాలి లోపలికి పోయింది. అంత బిగుతుగా పట్టిందంటే తన రబ్బరు పనితనం అమోఘమని మురిసిపోయి, కర్రతో లోతు చూసుకుని మళ్లీ తాళం వేసేశారు. నాలుగు సెల్ఫులకు బండి అందుకుంది.

"చూశావా బావా, వీడియోలు చూస్తే ఊరికే పోదు," అన్నాడు బావమరిది. అక్క చేత మరో అట్టు వేయించుకుని తినేసి వెళ్లాడు.

గురువారం, శుక్రవారం బండి తిరిగింది. శనివారం పొద్దున మళ్లీ అదే తంతు. ఈసారి పంపు మేస్త్రిని పిలిచారు. ఇంజనులోకి డీజిల్ తోసే పంపుల మీద ఆయన చెయ్యి వేస్తే తిరుగులేదని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే ఆయనే చెబుతాడు. డీజిల్ దారిలో గాలి చేరిందని చూడగానే కనిపెట్టాడు. అది నిజమే. ఆ గాలి ఎందుకు చేరిందన్నది మాత్రం ఆయన కనుక్కునే అలవాటు లేని విషయం. ఫిల్టరు మార్చి, పైపు నట్లు వదులు చేసి గాలి తీసేసి, ట్యాంకులో నీళ్లేమన్నా కలిశాయేమో చూడమన్నాడు. కాటాగారు మళ్లీ అందర్నీ తరిమేసి మూత తీశారు. మళ్లీ తుస్సు. బండి స్టార్టయింది. మేస్త్రి తన అరచేతిని తనే ఓసారి మురిపెంగా చూసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు దూరపు లోడు పడింది. ఆదివారం పొద్దున బండి మళ్లీ కదలనంది. మేస్త్రి వచ్చి ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్సన్నీ ఊడదీసి, కిరోసిన్లో కడిగి బిగించాడు. కాటాగారు మామూలుగా కర్ర పట్టుకుని ట్యాంకు దగ్గరికి వెళ్లొచ్చారు. బండి మామూలుగా స్టార్టయింది. అప్పుడు బావమరిదితో కలిసి ముగ్గురు పెద్దలూ వరండాలో కూర్చుని తర్కించారు. బ్యాటరీ మారిస్తే బండి కదిలింది కనుక బావమరిది వైద్యం సరైనదే. ఫిల్టరు మారిస్తే కదిలింది కనుక మేస్త్రి వైద్యమూ సరైనదే. నాజిల్స్ సంగతి సరేసరి. ఇన్ని సరైన వైద్యాలు చేశాక కూడా జబ్బు తిరగబెడుతోందంటే, బాగుపడినదాన్ని ఎవరో కావాలని చెడగొడుతున్నారు. ముగ్గురి తలలూ ఒక్కసారే డ్రైవరు వైపు తిరిగాయి.

అతను అప్పుడు బండి అద్దం తుడుస్తున్నాడు. ఇంటికి సరుకులు పట్టుకెళ్తూ డ్రైవరు భార్య కూడా అక్కడే ఆగి ఉంది. కాటాగారు ఆవిడ ముందే, వీధిలో నలుగురూ వినేలా అతన్ని కడిగిపారేశారు. దొంగ అన్నారు. డీజిల్ తాగేశాడన్నారు. దొరికిపోతానని బండినే పాడుచేస్తున్నాడన్నారు. డ్రైవరు ముఖం మాడిపోయింది. భార్య వంక ఓసారి చూశాడు. తుడిచే గుడ్డని మడిచి సీటు మీద పెట్టి వెళ్లిపోయాడు. అది చూస్తే ఎవరికైనా గుండె కలుక్కుమనేదే. కాటాగారికి మాత్రం కాఫీ గుర్తొచ్చింది.

దొంగ పీడ వదిలింది కాబట్టి ఇక బండికి ఢోకా లేదు. పరీక్షకు చెయ్యి తిరగాలని బావమరిది ఆదివారమంతా లారీని ఊరి చుట్టూ తిప్పాడు. ఇంజను చల్లారనివ్వకపోతే మంచిదని ఎక్కడో వీడియోలో విన్నాడట. సోమవారం పొద్దున తిట్టుకుంటూ లేచిన బండిని ఎలాగో బతిమాలి స్టార్టు చేసి, కాటాగారిని పక్కన ఎక్కించుకుని, పదింటికి ఫ్యాక్టరీ ముందుకు తెచ్చాడు. గేటు తెరిచారు. లారీ ముందు చక్రాలు లోపల, వెనక చక్రాలు బయట ఉండగా ఇంజను నీరసంగా మూలిగి, చల్లగా చచ్చిపోయింది.

లోపలినుంచి బయటికి పోవాల్సిన బిస్కెట్ల లారీలు మూడు వరసగా ఆగిపోయి హారన్లు అందుకున్నాయి. బావమరిది సెల్ఫు కొట్టీ కొట్టీ చేతులెత్తేశాడు. ఫోను తీసి చూస్తే ఛార్జింగు లేదు. కాటాగారి చొక్కా చెమటకు వీపుకి అతుక్కుపోయింది. కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ చేతిలో కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది. ఫ్యాక్టరీలో ఏ బండి రావాలన్నా, పోవాలన్నా ఆవిడ సంతకం పెట్టాల్సిందే.

"పది నిమిషాలు ఇస్తాను. తర్వాత క్రేను పిలిపించి పక్కకి లాగిస్తాను, మీ పేరు కొట్టేస్తాను," అంది ఆఫీసరమ్మ. "ఈ బండి సంగతి తెలిసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

గేటు పక్కన పనికోసం వచ్చినవాళ్ల వరస ఉంది. అందులోంచి ఓ మనిషి ముందుకొచ్చాడు. నిన్న ఉద్యోగం పోయినవాడు ఇవాళ పని ఎక్కడుంటే అక్కడికే వస్తాడు కదా.

"నిన్నటిదాకా నేనే నడిపాను మేడమ్," అన్నాడు డ్రైవరు. "ట్యాంకు మూత తియ్యమనండి."

కాటాగారు చొక్కా కాలరు సర్దుకున్నారు. ఆఫీసరమ్మ ఆయన వంకే చూస్తూ నిలబడింది. ఇక తప్పక, చొక్కా గుండీ విప్పి, మెడలో దారం పైకి లాగి, తాళం తీశారు. ఆదివారమంతా ఊరు తిరిగిన ఫలితం కాబోలు, ఈసారి తుస్సుమన్న చప్పుడు గేటు కాపలావాడి దాకా వినబడింది. డ్రైవరు మూతని తిరగేశాడు. లోపల గులాబీ రంగు రబ్బరు ముక్క, దాని మీద సగం బాతు బొమ్మ.

"ఏంటిది?" అంది ఆఫీసరమ్మ.

"భద్రత కోసమండీ," అన్నారు కాటాగారు.

డ్రైవరు గోటితో రబ్బరుని ఊడబీకేశాడు. నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె దిగదు, గాలి పోవడానికి రెండోది కూడా పెట్టాలి, ఇదీ అంతేనని చెప్పాడు. ట్యాంకులోంచి డీజిల్ పోయేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. చిల్లు మూసేస్తే ట్యాంకే డీజిల్ని వెనక్కి పీల్చేసుకుంటుంది, ఇంజను ఎండిపోతుంది. ఎవరు ఏం రిపేరు చేసినా మూత తీసినప్పుడల్లా బాగుపడుతూ వచ్చింది. ఇంత చెప్పి, చేతిపంపు కొట్టి పైపులోంచి గాలి తీసేసి, క్యాబినులోకెక్కి సెల్ఫు కొట్టాడు. ఒక్కటే దెబ్బ. ఇంజను గుర్రుమంది.

ఆఫీసరమ్మ బండి చుట్టూ తిరిగి చూసింది. బ్రేకులు, లైట్లు, టైర్లు అన్నీ బాగున్నాయంది. కాటాగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కలం కోసం ఆవిడ కంటే ముందు ఆయనే జేబు తడుముకున్నారు.

"సంతకం పెడతాను. ఒక్క మాట," అందావిడ. "ఇతను నడిపితేనే. ఈ గేటు లోపలికి స్టీరింగు మీద ఇంకొకళ్లు కనబడితే బండిని వెనక్కి పంపేస్తాను."

బావమరిది క్యాబిను పక్కనించి చల్లగా జారుకున్నాడు. కాటాగారు పెద్ద మనసు చేసుకున్నట్టు నవ్వి, అయిపోయిందేదో అయిపోయింది, రేపు ఆరింటికి వచ్చెయ్యమని డ్రైవరుతో అన్నారు. డ్రైవరు ఇంజను ఆపేసి కిందకి దిగాడు.

"మా ఆవిడ ముందు నన్ను దొంగన్నారు సార్. నిన్నంతా ఇంట్లో తలెత్తుకోలేకపోయాను. నేను దొంగని కాదని ఇక్కడ అందరి ముందూ చెప్పండి. ఆ మాట సాయంత్రం మా ఇంటికొచ్చి ఆవిడకీ చెప్పండి. అప్పుడు వస్తాను."

హారన్లు ఆగాయి. మూడు లారీల డ్రైవర్లూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. కాటాగారు నోరు తెరిచారు. ఓసారి దగ్గొచ్చింది. రెండోసారి ఎండ మండిపోతోందన్నారు. మూడోసారి "అసలు ఏం జరిగిందంటే" దాకా వచ్చి ఆగిపోయారు. ఆఫీసరమ్మ గడియారం చూసుకుని, సంతకం పెట్టబోయిన కలానికి మూత పెట్టేసింది.

"ఇతను దొంగ కాదు," అని నాలుగోసారికి అందుకున్నారు.