గుమ్మానికి మిరపకాయలు

ఊరంతటికీ ఒకే మైకు ఉన్న రోజులవి. గాంగ్వన్ కొండల మధ్య ఆ ఊళ్లో ఇంటింటా మాంసానికి పెంచే గోధుమవన్నె ఆవులు ఉండేవి. ఆ ఉదయం ఒక్‌బున్ అనుకున్న పని చిన్నదే. దూడకి జున్నుపాలు పట్టించి, తర్వాత కిమ్చీ పచ్చడికి క్యాబేజీలు కోసుకోవాలి.

కానీ తొలిచూలు ఆవు దూడను దగ్గరికి రానిస్తేగా! రెండుసార్లు సూది వేయించినా చూలు నిలవకపోతే, "అమ్మేద్దాం" అన్న మొగుడితో పోట్లాడి మరీ మూడోసారి వేయించింది ఒక్‌బునే. తీరా ఈనాక దూడను కాలితో తన్నుతోంది. మధ్యాహ్నంలోగా ఆ పాలు కడుపులో పడకపోతే దూడ దక్కదు.

మొగుడు చిల్‌బోక్‌కి సంతోషంతో కాలు నిలవలేదు. "కోడెదూడే!" అని గడ్డితాడుకి ఎర్ర మిరపకాయలు గుచ్చాడు. మగబిడ్డ పుడితే మిరపకాయలు, ఆడపిల్లయితే బొగ్గులు గుచ్చడం అక్కడి ఆచారం; తాడు కట్టిన గడప బయటివాళ్లు తొక్కరాదు. కొట్టానికి కట్టాల్సిన ఆ తాడు వీధి గుమ్మానికి కట్టి, సైకిలెక్కి పశువుల డాక్టరు కోసం పట్నం పోయాడు.

కాసేపటికి మైకు గరగరలాడింది. "ఊరి జనులారా! చిల్‌బోక్ ఇంట మగపిల్లాడు! ఆ గడప ఎవరూ తొక్కకండి!" అది ఊరిపెద్ద గుక్ గొంతు.

కొట్టంలో ఆవు పగ్గం పట్టుకుని ఉన్న ఒక్‌బున్‌కి చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకి యాభై దాటి నాలుగేళ్లు.

ఇంతలో డాక్టరు మోటారుసైకిలు గుమ్మం ముందు ఆగింది. అప్పటికే అక్కడ కాపలాకి నిలబడ్డ గుక్ అడ్డం పడ్డాడు. "మనిషి కాన్పుకి మీరెందుకండీ?"

"ఆవు ఈనిందన్నాడే చిల్‌బోక్!"

"ఈ వయసులో సిగ్గేసి అలా చెప్పుంటాడు."

"డాక్టరుగారూ! దూడ పాలు తాగట్లేదు!" లోపలినుంచి అరిచింది ఒక్‌బున్. పగ్గం వదిలితే దూడ నడుం విరుగుతుంది.

గుక్ కళ్లు చెమర్చాయి. "దిష్టి తగలకుండా బిడ్డని దూడ అంటోంది తల్లి. మా అమ్మ నన్ను పదేళ్లదాకా 'పేడ' అనే పిలిచేది. బాలింతవి, అలా అరవకమ్మా! మంత్రసానికి కబురు పెట్టానులే!"

డాక్టరు తలూపి, పక్క ఊరి పిలుపుకి వెళ్లిపోయాడు. ఒక్‌బున్‌కి ఏడుపొచ్చింది. గోడ మీద మాత్రం బాలింత కోసం సముద్రపు నాచు చారు గిన్నెలు ఒక్కొక్కటే చేరుతున్నాయి. పేరు చెప్పకుండా పెట్టిపోయేవారు ఆ ఊరి ఆడవాళ్లు.

తాడు దాటి రాగలిగింది మంత్రసాని ప్యో అవ్వ ఒక్కతే. కొట్టంలోకి తొంగిచూసి, "బిడ్డేదే?" అంది.

"ఇదిగో అవ్వా, చలికి వణికిపోతోంది!"

అవ్వ తిట్టలేదు, నవ్వలేదు. చేతులు కడుక్కుంది. "తొలికాన్పు తల్లులందరూ ఇంతే. భయం. ఆ చారు పట్రా." గోరువెచ్చని చారు గిన్నె తర్వాత గిన్నె ఆవు ముందు పెట్టించింది. అది తాగుతుండగా వేడిగుడ్డతో పొదుగు రుద్ది, దూడ మూతికి చన్ను అందించింది. ఆవు ఒక్కసారి కాలెత్తి, ఏమనుకుందో దించేసింది. దూడ చప్పరించిన చప్పుడు విని ఒక్‌బున్ ఈసారి నిజంగానే ఏడ్చింది.

బొడ్డుకి మందు రాస్తూ అవ్వ తోకెత్తి చూసి పకపకా నవ్వింది. "కోడెదూడ అన్నదెవడే? ఇది పెయ్య! వాడు చూసింది ఈ బొడ్డుని!"

దారి పొడుగునా అభినందనలు అందుకుంటూ వచ్చిన చిల్‌బోక్, సంగతి వినగానే మిరపకాయలు పీకేసి బొగ్గులు గుచ్చాడు.

"ఈసారైనా కొట్టానికి కట్టండి!" అని ఒక్‌బున్ అరిచేసరికే వీధి గుమ్మానికి కట్టడం అయిపోయింది.

మైకు గరగరలాడింది. "ఊరి జనులారా, చిన్న సవరణ! పుట్టింది అబ్బాయి కాదు, అమ్మాయి!"

సాయంత్రానికి గోడ మీద మళ్లీ చారు గిన్నెలు చేరాయి; ఆవు వద్దనలేదు.