గుంట పడని లగ్గపత్రిక

"ముద్రణారంగంలో రేపటిని ఈ రోజే అచ్చువేసి ఇవ్వబడును!"

బోధన్‌లో శక్కర్‌నగర్ వైపు పోయే రోడ్డు మీద, తన ప్రెస్సు ముందు భానుప్రసాద్ పెట్టిన బోర్డు అది. రేపటి సంగతేమో గానీ, నిన్నటిని మాత్రం అతను చాలా జాగ్రత్తగా దాచాడు! షాపు వెనక భాగంలో ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీని పరదాలా వేలాడదీసి, దాని చాటున తండ్రి కాలంనాటి ట్రెడిల్ మిషను ఉంచాడు. కాలితో తొక్కితే నడిచే యంత్రం. బిల్లు బుక్కులకు నంబర్లు వేయాలంటే ఇప్పటికీ అదే దిక్కు. కానీ కస్టమర్ల కంట పడితే పరువేం కావాలి? అందుకే ముందు గదిలో డిజిటల్ మిషను, దానికో ఏసీ, ఆ ఏసీకి రోజూ అగరొత్తులు.

అచ్చు చరిత్ర అంతా ఆ షాపులోనే నడిచింది. తండ్రి రామ్‌దాస్ సీసం అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి లగ్గపత్రికలు కొట్టాడు. ఊరంతా ఆయనను "అచ్చు రామ్‌దాస్" అనేది. తర్వాత స్క్రీన్ ప్రింటింగ్ వచ్చింది, పత్రిక పట్టుకున్నవాడి వేళ్లకల్లా బంగారం రంగు అంటింది. ఆపైన ఆఫ్‌సెట్, ఆపైన డిజిటల్. చివరికి వాట్సాప్ వచ్చి అన్నింటినీ ఒకే గుటకలో మింగింది! ఫోనులో ఒక బొమ్మ పంపి, "దీన్నే మా స్వయం ఆహ్వానంగా భావించగలరు" అనేస్తే పెండ్లికి జనం వచ్చి తిని పోతున్నారు.

ఇక మిగిలింది ఆధార్ కార్డుల నకళ్లు. "జిరాక్సు భాను ఉన్నడా?" అని ఎవరైనా అడిగితే అతను తలెత్తకుండా నకలు తీసి ఇచ్చేవాడు. అచ్చు రామ్‌దాస్ కొడుకు జిరాక్సు భాను! ఈ పెండ్లిళ్ల సీజనులో ఒక్క పెద్ద ఇంటి పత్రికైనా కొట్టకపోతే, బోర్డు మీది "ప్రెస్" అనే మాట తుడిచేయాల్సిందే.

సరిగ్గా అప్పుడే రైస్‌మిల్లు రాజేందర్ కారు దిగాడు. చేతిలో హైదరాబాద్ నుంచి తెచ్చిన పత్రిక ఒకటి. తెల్లటి మందపు కాగితం. దేవుడు లేడు, పువ్వు లేదు, బంగారం లేదు. అక్షరాలు మాత్రం కాగితంలోకి దిగబడి ఉన్నాయి.

"భానూ, వేలు పెట్టి సూడు. గుంట తగుల్తుందా? వెనకటి మిషిన్ మీద చేత్తోని కొట్టింది. పెద్ద పెద్దోళ్లు ఇప్పుడు గివే కొట్టిపిస్తున్నరు. గీ గుంటకే రేటు!"

"మీ పెద్దబిడ్డ పెండ్లికి లైట్లు వెలిగే డబ్బా పంచిండ్రు గద సేటూ! మూత తీస్తె పాట వస్తుండె."

"గది నా మీద పోటీకి ఆ అనిల్‌కుమార్ సుత పంచిండు. ఇంకేం ఇజ్జత్ ఉన్నది దానికి? ఇప్పుడు సాదాగ ఉండుడే గొప్ప. ఎంత సాదా ఉంటె గంత ఖర్చు! మా చిన్నబిడ్డ శిరీష పెండ్లికి గిదే కావాలె." రాజేందర్ గొంతు సవరించుకున్నాడు. "అయినా మన సంస్కృతి, మన చేతిపని, మన ఊరు... గియ్యన్ని మనమే కాపాడుకోవాలె. హైదరాబాదోళ్లు మస్తు రేటు చెప్తున్నరు, అందుకే నీ తానికి వచ్చిన. మీ బాపు మిషిన్ ఉన్నదా, తుక్కుకు ఏసినవా?"

"తుక్కుకా! దేవుని లెక్క సూసుకుంటున్న సేటూ!" అన్నాడు భానుప్రసాద్.

ఆ పూటే దేవుడు ముందు గదిలోకి వచ్చాడు. డిజిటల్ మిషను ఏసీతో సహా ఫ్లెక్సీ చాటుకు పోయింది. బోర్డు మీద రేపటిని చెరిపేసి "నిన్నటిని" అని రాయించాడు. ఇక కావాల్సింది లింగం. రామ్‌దాస్ దగ్గర మిషను తొక్కి, ఇప్పుడు బిల్లు బుక్కుల నంబర్లు వేస్తున్న మనిషి. తనంతటి పనివాడు గోదావరికి ఇటు పక్కా లేడు, అటు పక్కా లేడని రోజుకోసారి ప్రకటించకపోతే ఆయనకు అన్నం సహించదు.

"కాకా, రేపటిసంది ధోతి కట్టుకొని రావాలె."

"నేను నా పెండ్లికే ప్యాంటు ఏసుకున్న. ఇప్పుడు ధోతి ఏంది?"

"సంప్రదాయం! ఇంకోటి, అక్షరం గట్టిగ ఒత్తాలె. కాయితానికి గుంట పడాలె."

"గుంటనా? ఎనుక దిక్కు తేల్తది బిడ్డా!"

"తేలనియ్యి. గదే కావాలె."

"మీ బాపు ఉంటె నీ చెయ్యి ఇరగ్గొడుతుండె," అన్నాడు లింగం.

అబద్ధం కాదు. కాగితం వెనక అక్షరం తేలితే రామ్‌దాస్ ఆ పత్రికను చింపి పారేసేవాడు. సిరా అంటాలి, దెబ్బ తగలకూడదు. అదీ ఆయన లెక్క.

కాగితం వచ్చిన మరునాడు భానుప్రసాద్ కవర్ల కోసం నిజామాబాద్ వెళ్లాడు. అతను తిరిగొచ్చేసరికి లింగం మొత్తం పని పూర్తిచేసి, మీసం దువ్వుకుంటున్నాడు.

"సూడు! ఒక్క గుంట పడ్డదా? మిషిన్ల కాయితం ఎనుక పెట్టే అట్టలు ఒక్కొక్క పొర తీసుకుంట తీసుకుంట కొట్టిన. అద్దం లెక్క లేదూ! దేశంల ఇంకెవడన్న కొడ్తడా గిట్ల?"

భానుప్రసాద్ వెనక్కి తిప్పి చూశాడు. అద్దమే! తెప్పించిన కాగితమంతా అయిపోయింది. "కొంప ముంచినవ్ కాకా!" అనేలోపే బయట కారు హారను మోగింది.

రాజేందర్ పత్రిక తీసుకుని వేలితో రుద్దాడు. తిప్పి రుద్దాడు. కళ్లు మూసుకుని కూడా రుద్దాడు.

"గుంటలేవి? గిది కంప్యూటర్‌ల తీసినట్టే ఉన్నది గదా!"

భానుప్రసాద్ చెవుల్లో "జిరాక్సు భాను" అనే కేక మోగింది. తెగించాడు.

"సేటూ, గుంట పడుడు పని నేర్చుకునేటోని కత. ఒత్తినట్టు తెల్వకుంట ఒత్తుడే అసలు చేతిపని. హైదరాబాదోళ్లకు చాతగాకనే గుంటలు పెడ్తున్నరు."

కస్టమరుకు నిజం చెప్పడం అతనికి అదే మొదటిసారి. అలవాటు లేక దాన్నే రెండుసార్లు చెప్పాడు. రాజేందర్ అటూ ఇటూ చూశాడు. తనకు తెలియని గొప్ప సంగతి ఒకటి ఉందని ఒప్పుకోవడం ఆయన వంశంలోనే లేదు.

"నాకు తెల్వదా ఏంది? నీకు తెలుసో లేదో సూసిన!" అని పత్రికలన్నీ కారులో పెట్టించాడు.

పెండ్లి మండపంలో ఆయన దొరికిన ప్రతి వేలినీ పట్టుకుని పత్రిక మీద రుద్దించాడు. "ఏం తగుల్తలేదు!" అన్నవాళ్లకు "గదే గొప్ప!" అని చెప్పాడు. భోజనాల వేళకల్లా ఊళ్లోని పెద్దమనుషులంతా ఏమీ తగలకపోవడంలోని సొగసు గురించి మాట్లాడుకుంటున్నారు!

వారం తిరక్కుండా అనిల్‌కుమార్ వచ్చాడు. "మావోని లగ్గం భానూ. రాజేందర్ పత్రిక కంటె సుత ఇంక ఏం తగలొద్దు!"

ఏమీ తగలనప్పుడు ఏ మిషనైతేనేం? భానుప్రసాద్‌కు జ్ఞానోదయమైంది. ఫ్లెక్సీ చాటున డిజిటల్ మిషను చల్లగా పత్రికలు కక్కసాగింది. ముందు గదిలో లింగం ధోతి కట్టుకుని, చెమటలు కక్కుతూ, కాగితం లేని మిషను తొక్కసాగాడు. ఆ చప్పుడులో ఈ చప్పుడు కలిసిపోయింది. అనిల్‌కుమార్ ఎదురుగా కూర్చుని వీడియో తీస్తున్నాడు. భానుప్రసాద్ పరదా వెనక్కి పోయి ఒక పత్రిక తెచ్చి చేతిలో పెట్టాడు.

"వేడిగున్నదేంది?"

"చేతి వేడి సేటూ!"

"వారెవ్వా! కంప్యూటర్‌ల వస్తదా గీ వేడి?"

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఏసీ ఆగింది, పరదా వెనక గుర్రుమనే శబ్దమూ ఆగింది. లింగం మాత్రం ఆగలేదు. టకటకా తొక్కుతూనే ఉన్నాడు.

"సూసినవా! కరెంటు పోయినా ఆగలె. గదీ మన పెద్దల తెలివి!" అంటూ అనిల్‌కుమార్ లేచి నిలబడి వీడియో తీశాడు. తీసి తీసి చెయ్యి నొప్పి పుట్టింది. ఒక్క పత్రికా రాలేదు.

"మిషిన్ నడుస్తనే ఉన్నది. పత్రికలు వస్తలేవేంది భానూ?"

"కరెంటు రానియ్యి సేటూ," అన్నాడు భానుప్రసాద్, నాలుక కరుచుకోవడానికి కూడా వ్యవధి లేకుండా.

లింగం కాలు గాలిలో నిలిచింది. అనిల్‌కుమార్ ముందు మిషను వంక, తర్వాత పరదా వంక, చివరికి చేతిలోని వీడియో వంక చూశాడు. ఆ వీడియో అప్పటికే చుట్టాల గ్రూపులన్నింటికీ వెళ్లిపోయింది!

ఆయన మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిజమే," అన్నాడు నుదురు తుడుచుకుంటూ. "కరెంటు లేకుంటె చేతిపని ఎట్ల నడుస్తది?"