మాత్ర ఉండగా మనమెందుకు?

అయ్యా, అమ్మా! మనుషులు చేయాల్సిన పనులన్నీ మాత్రలే చేసిపెట్టే రోజులొచ్చాయి. సంతోషించండి!

మా అన్నయ్య ఇల్లే చూడండి. ఆయన కూతురు, కాలేజీ పిల్ల, కొంతకాలంగా ముద్ద మింగాలంటే భయపడుతోంది. అద్దంలో లావుగా కనిపిస్తోందట. చెయ్యి పట్టుకుంటే ఎముకలు తగులుతున్నాయి! అంతకుముందు చుట్టాలందరి ఎదుటా, "కాస్త తగ్గవే తల్లీ, నీకోసం తలుపులు వెడల్పు చేయించలేను" అని చమత్కరించింది మా అన్నయ్యే. ఎంత హాస్యప్రియుడో!

వదిన పిల్లని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. వెంట అన్నయ్యా వెళ్లాడు. డాక్టరమ్మ మాత్ర రాసింది. రాసి ఊరుకుందా? "ఇది దిగులు తగ్గడానికేనండీ. దీంతోనే జబ్బు నయమైపోదు. అమ్మాయిని కౌన్సెలింగ్‌కి తీసుకురండి. పూటపూటా ఎవరో ఒకరు పక్కన కూర్చుని తినండి. ఒంటి లావు మాట మాత్రం ఎత్తకండి" అంది. ఇంత ఉపన్యాసంలో అన్నయ్య చెవికెక్కింది మాత్ర ఒక్కటే. చదువుకున్నవాడు కదా, సారం పట్టేశాడు!

అప్పటినుంచి ఆ ఇంటి క్రమశిక్షణ చూసి తీరాలి. ఫోనులో అలారం మోగడమే ఆలస్యం, అన్నయ్య సోఫాలోంచి, వదిన వంటింట్లోంచి ఒకే గొంతుతో, "మాత్ర వేసుకున్నావా?" ఇదివరకు "తిన్నావా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న అడిగితే జవాబు వినే ఓపిక ఉండాలి. దీనికైతే గ్లాసెడు నీళ్లు చాలు.

ఇప్పుడు తండ్రి పళ్లెం టీవీ ముందు, తల్లి పళ్లెం స్టవ్ గట్టు మీద, పిల్ల పళ్లెం గదిలో. ఒకరికొకరు అడ్డం లేరు! ఇక్కడితో ఆగకూడదని నా మనవి. "నాన్నా" అంటే పలకడానికో మాత్ర, వీపు నిమరడానికో మాత్ర కావాలి. మందుల కంపెనీలు నిద్రపోతున్నాయా?

మొన్న నేను వెళ్లేసరికి అన్నయ్య మండిపడుతున్నాడు.

"మందు పనిచేయట్లేదురా! డాక్టర్ని మార్చేస్తాను."

పిల్ల గది గుమ్మంలోకి వచ్చింది.

"మాత్ర మంచిదే నాన్నా. కాస్త నిద్ర పడుతోంది. కానీ అది అన్నం తిన్నాక వేసుకోవాలి. ఒక్కదాన్నే పళ్లెం ముందు కూర్చుంటే భయమేస్తోంది. ఎవరైనా వస్తారా?"

"నేను ఇందాకే తినేశాను కదమ్మా" అన్నాడు అన్నయ్య, రిమోట్ వెతుక్కుంటూ.

నాకు ఒళ్లు మండింది. నేనూ తినే వచ్చాను. అయినా కుర్చీ లాక్కుని, రెండు పళ్లాలు పెట్టమన్నాను.

వదిన మూడు పెట్టింది.